పదేళ్లు నిండలేదట: కార్మిక శాఖ మంత్రి గారికి ఒక పాత లారీ ఆఫీసు గుమస్తా బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి నెల్లూరు నుంచి నమస్కారాలు.

మా కంపెనీ పాత లారీ డ్రైవర్లకు భవిష్యనిధి (పీఎఫ్) కింద రావలసిన పింఛను గురించి ఇది మా నాలుగో విన్నపం. మొదటిది రిజిస్టరు పోస్టులో పంపాం. రెండోది, ప్రతి నెలా 27వ తేదీన మీ శాఖ వారు జిల్లాలకు వచ్చి చందాదారులను కలిసే కార్యక్రమంలో చేతికే ఇచ్చాం. రసీదు అడిగితే, ఆ పద్ధతి లేదన్నారు. మూడోదాన్ని మా డ్రైవరు ఒకాయన మనుమరాలు సెల్‌ఫోనులోంచి ఫిర్యాదుల పోర్టల్‌కు పంపింది. మొదటి రెండింటికీ ఇప్పటిదాకా జవాబు లేదు. మూడోదానికి మాత్రం పదకొండు రోజుల్లోనే, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారోనని ఆ పిల్ల తెరిచి చూస్తే, అర్హత సర్వీసు పదేళ్లు నిండలేదు కనుక పింఛనుకు వీలులేదు, ఫారం 10సి పెట్టుకొని ఉన్న సొమ్ము తీసుకోవలసింది అన్న పాత వాక్యమే ఉంది. ఇంత తొందరగా పరిష్కారమయ్యే పనికి ఆరేళ్లుగా తిరుగుతున్నామే అని మాకే సిగ్గనిపించి, ఈసారి నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

నేను డ్రైవరును కాను. నెల్లూరులో ఒకప్పుడు నలభైకి పైగా లారీలు తిప్పిన ఒక రవాణా కంపెనీలో 1979లో బుకింగ్ గుమస్తాగా చేరి, 2003 మార్చిలో దానికి తాళం పడేదాకా అదే బల్ల ముందు కూర్చున్నవాడిని. లారీ రసీదులు, ట్రిప్ షీట్లు రాయడం, డ్రైవరుకు బత్తా లెక్కగట్టి ఇవ్వడం, నెలాఖరుకు జీతాల పట్టీ తయారుచేసి అందులో భవిష్యనిధి కోత వేయడం నా పని. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. యజమాని కాలం చేసి చాలా ఏళ్లయింది, ఆయన పిల్లలు వేరే వ్యాపారాల్లో ఉన్నారు, వారితో మాకు తగాదా ఏమీ లేదు. ఈ లేఖ తొమ్మిది మంది డ్రైవర్ల తరఫున రాస్తున్నది. నా పింఛను కూడా ఇదే కారణంగా ఆగింది గాని, నాకు కొడుకు సంపాదన ఉంది కాబట్టి నా సంగతి పక్కన పెడుతున్నాను.

1995 నవంబరు 16న మొదలైన ఈ ఉద్యోగుల పింఛను పథకం గురించి మీకు నేను చెప్పవలసిన పని లేదు. పదేళ్ల సర్వీసు ఉండాలి, 58 ఏళ్లు నిండాలి, 1995 నవంబరు 16కు ముందు 1971 నాటి కుటుంబ పింఛను పథకంలో ఉన్నవారికి ఆ పాత సర్వీసును కూడా కలపాలి. మా తొమ్మిది మందీ 1978కీ 1984కీ మధ్య చేరినవారు. రెండూ కలిపితే, అందరికంటే చివర చేరినవాడికి కూడా పద్దెనిమిదేళ్లకు తక్కువ రాదు. కాని మీ కంప్యూటరులో 1995 నవంబరు 16 నుంచి 2003 మార్చి వరకు ఉన్న ఏడేళ్ల నాలుగు నెలలే కనిపిస్తున్నాయట. అంతకుముందు ఈ తొమ్మిది మందీ ఎక్కడ ఉన్నారో, ఏం చేస్తున్నారో మీ శాఖకు తెలియదు. నవంబరు 15 రాత్రి గూడూరులో లారీ ఎక్కినవాడు, 16 తెల్లవారేసరికి అదే లారీలో, అదే స్టీరింగు పట్టుకొని, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టు మీ లెక్క చెబుతోంది.

ఆ పాత పథకంలో కార్మికుడి వాటా నుంచి జీతంలో 1.16 శాతం, యజమాని వాటా నుంచి 1.16 శాతం మళ్లిస్తే, కేంద్ర ప్రభుత్వం తన వంతుగా మరో 1.16 శాతం కలిపేది. అంటే మా డ్రైవర్ల పేరు మీద నెలనెలా సొమ్ము వేసినవారు ముగ్గురు. అందులో యజమాని ఇప్పుడు లేరు. డ్రైవర్లలో ఎక్కువ మంది సంతకానికి మించి చదువుకోలేదు. మిగిలిన మూడోవారు లెక్కలు రాయడంలో ఆరితేరినవారే గాని, ఎవరి పేరున వేశామో మాకు కనబడడం లేదు, మీరే రుజువు తెచ్చుకోండి అంటున్నారు.

ఆ లెక్కలు మీ కార్యాలయానికి చేర్చింది నేనే కాబట్టి ఈ మాట నాకు మరీ గుచ్చుకుంటుంది. కొత్తగా చేరినవారికి ఫారం 5, మానేసినవారికి ఫారం 10, నెలకొకసారి ఫారం 12ఏ, ఏడాది తిరిగాక ఒక్కొక్కరికి విడివిడిగా ఫారం 3ఏ, అందరినీ కలిపి ఫారం 6ఏ. మధ్యలో కార్బన్ కాగితం పెట్టి, కింది నకలు మీద కూడా అక్షరం పడేలా బాల్‌పెన్ను నొక్కి రాసి రాసి, ఏప్రిల్ నెలంతా నా నడిమి వేలు వాచి ఉండేది. వాటిని గుడ్డసంచిలో పెట్టుకొని బస్సెక్కి వెళ్లి ఇచ్చి, నకలు మీద ఊదారంగు ముద్ర వేయించుకొని వచ్చేవాడిని. కంపెనీ మూసినప్పుడు బీరువాలు వేలం వేశారు. వాటిని కొన్నాయన లోపలి కట్టలను కిలోల లెక్కన పాత కాగితాల వ్యాపారికి అమ్ముకున్నాడు. నేను మనసొప్పక కొన్ని కట్టలు ఇంటికి తెచ్చి ఇనుప పెట్టెలో దాచాను. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి ఒడ్డు కాలనీలు మునిగినప్పుడు మా ఇంట్లో నడుములోతు నీళ్లు నిలిచాయి. నాలుగో రోజు పెట్టె తెరిస్తే ఆ కట్టలు సద్ది ముద్దల్లా చేతికి వచ్చాయి. ముద్రల సిరా మాత్రం చేతులకు అంటి రెండు రోజులు వదల్లేదు.

నా నకళ్లు వరదలో పోయాయి. అసళ్లు మీ దగ్గర ఉండాలి కదా, అవి ఎందులో పోయాయో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

కిందటేడు ఒక అధికారి (మర్యాదస్తుడే, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు) ఏదైనా ఆధారం ఉంటే చూడండి, పాత సంగతులు తేదీలతో సహా గుర్తు తెచ్చుకొని రాసి ఇవ్వండి అన్నారు. ఆ మాట పట్టుకొని మేమంతా అయ్యప్పగుడి దగ్గర టీ కొట్టులో నెల రోజులపాటు ఉదయం పూట కూర్చున్నాం. వాళ్లు చెబుతుంటే నేను 96 పేజీల నోటు పుస్తకంలో రాశాను. మా డ్రైవర్లకు పాత రోజులు గుర్తు తెచ్చుకోవడం కష్టమని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. నిన్న మధ్యాహ్నం ఏ మాత్ర వేసుకున్నారో చెప్పలేనివాళ్లు, ముప్పయ్యేళ్ల కిందట నడిపిన ఏపీ 26 బండి నంబరు, దాని గేరు ఎక్కడ పట్టేసేదో, ఏ చక్రం పట్టీ ఎన్నిసార్లు ఊడిందో తడుముకోకుండా చెబుతారు. వాళ్లు నడిపినవి టాటా 1210లు, లేలాండ్ కామెట్లు. పవర్ స్టీరింగు లేని రోజులు. లోడు బండిని మలుపు తిప్పాలంటే సీటులోంచి సగం లేచి ఒళ్లు మొత్తం చక్రం మీద వేయాలి. మే నెలలో ఒంగోలు దాటాక కేబిను లోపలి ఇంజను బానెట్టు మీద తడి గోనెసంచి కప్పితే పది నిమిషాల్లో ఎండిపోయేది. జనవరిలో ఝాన్సీ వైపు చలికి అదే బానెట్టు మీద క్లీనరు ముడుచుకొని పడుకొనేవాడు.

గూడూరు నిమ్మకాయ లోడంటే అందరికీ హడలే. ఢిల్లీ రెండు వేల కిలోమీటర్ల పైమాటే. కాయ మాగిపోతే ధర పడిపోతుంది కాబట్టి ఇద్దరు డ్రైవర్లు వంతులు వేసుకొని బండి ఆపకుండా పోవాలి. చేరిన రోజు, గంట రసీదు వెనక మండీలో రాయించుకొని రావాలి. ఆలస్యమైతే బాడుగలో కోత. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు మాత్రమే పని అని గోడ మీద అట్టకు అంటించి ఉండేది. రిజిస్టరులో నేను ఎనిమిదే రాశాను. ఎనిమిది గంటల చొప్పున అన్ని రోజుల్లో ఢిల్లీ ఎలా చేరారని ఏ తనిఖీదారూ నన్ను అడగలేదు. మార్కాపురం పలకల లోడు దీనికి తిరగేసిన వ్యవహారం, ఎంత మెల్లగా వస్తే అంత మంచిది. ఎండుగడ్డి ఎంత సర్దినా కొన్ని విరిగేవి. ఆ విరిగిన ముక్కల మీదే మా డ్రైవర్ల పిల్లలు అక్షరాలు దిద్దారు. కందుకూరు, కొండపి పొగాకు చెక్కులకు (బేళ్లకు) చినుకు తగలకూడదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయిని మద్రాసు హార్బరుకు తీసుకుపోయేటప్పుడు, వెనక రాయికీ తన వీపుకీ మధ్య ఉన్నది ఒక్క రేకే అని మరిచిపోయి బ్రేకు గట్టిగా తొక్కిన డ్రైవరు ఎవడూ లేడు. తమిళనాడు సరిహద్దు దగ్గరి తడ చెక్‌పోస్టులో లారీల వరస సూళ్లూరుపేట వైపు సాగి ఉంటే, క్లీనరును స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి అడుగు అడుగూ జరిపిస్తూ, డ్రైవర్లు రోడ్డు పక్కన తువ్వాలు పరిచి కునుకు తీసేవాళ్లు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి ఆ వరసలు పోయాయి. మా బండ్ల నంబర్లు ఆ చెక్‌పోస్టు పుస్తకాల్లో ఎన్ని వేల సార్లు ఎక్కాయో లెక్కలేదు. అవీ ఇప్పుడు దొరకవట.

వీటిలో మీకు ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది కావలి పెద్దాయన సంగతి. ఆయన 1981లో చేరాడు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెద్ద తుపాను మీకు రికార్డుల్లో కనిపిస్తుంది. ఆ రాత్రి ఆయన గుంటూరు నుంచి మిరప టిక్కీలతో (మిరపకాయల బస్తాలతో) మద్రాసు పోతూ, తన సొంత ఊరికి నాలుగు మైళ్ల దూరంలో, ఐదో నంబరు జాతీయ రహదారి మీద చిక్కుకున్నాడు. ముందొక చింతచెట్టు, వెనకొక చింతచెట్టు అడ్డంగా పడ్డాయి. లోడు మీద కప్పిన పట్టా చిరిగి తాళ్లతో సహా గాలిలో లేచి కేబిను అద్దానికి కొట్టుకుంటుంటే, లోడు బండి కూడా ఉయ్యాలలాగా ఊగిందని చెబుతాడు. క్లీనరు పిల్లవాడు ఏడుస్తుంటే వాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకొని తెల్లవార్లూ హాండ్‌బ్రేకు పట్టుకొని కూర్చున్నాడు. తెల్లవారాక, ఇల్లు నాలుగు మైళ్లలో ఉందని, అందులో భార్య, ఇద్దరు బిడ్డలు ఉన్నారని తెలిసి కూడా లోడు వదిలి పోలేదు. పడిపోయిన చెట్ల కొబ్బరి బోండాలు కొట్టుకు తాగి రెండు పగళ్లు కాపలా కాశాడు. రోడ్డు తెరిచాక నాలుగో రోజు ఆఫీసుకు వస్తే, మా మేనేజరు అడిగిన మొదటి మాట, "టిక్కీలు ఎన్ని తడిశాయి?" అని. తడిసినవాటికి ఆయన జీతంలోంచి ఐదు నెలల పాటు కోత కోశారు. పట్టీలో ఆ కోత రాసింది నేనే, దాని పక్క గడిలో భవిష్యనిధి కోత రాసింది కూడా నేనే. మూడో నెలలో ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, "ఏంది సామీ, మిరపకాయలకు కోస్తిరి, ఇదేందికి కోస్తిరి?" అని రెండో అంకె మీద వేలు పెట్టాడు. "ఇది మీ ముసలితనానికి అన్నా, ఎక్కడికీ పోదు," అని నేనే చెప్పాను.

ఆ మాట నేను మీ తరఫున చెప్పాను, మంత్రి గారూ. ఇప్పుడాయన రోజూ ఉదయం టీ కొట్టులో నా ఎదురుగా కూర్చుంటాడు. ఏమీ అనడు.

1989 నవంబరులో ఉద్యోగంలో లేనివాడికి తుపాను నష్టం జీతంలోంచి ఎలా కోశారు? ఈ ప్రశ్న ఆ మర్యాదస్తుడైన అధికారిని అడిగాను. ఆయన నోటు పుస్తకాన్ని ముందు నుంచి వెనక్కి ఒకసారి తిప్పి, బాగా రాశారు గాని జ్ఞాపకాలు డాక్యుమెంటు కిందికి రావండీ అన్నారు. గుర్తు తెచ్చుకొని రాయమన్నదీ ఆయనే.

పేర్ల విషయంలో తప్పు నాది, దాన్ని దాచను. ఫారాల్లో గడులు చిన్నవి, నాకు తీరిక తక్కువ. ఇంటిపేరు మొదటి అక్షరమూ, పిలుపు పేరూ రాసి ఊరుకొనేవాడిని. ఒకే పేరు గలవాళ్లు ముగ్గురు ఉంటే లావు, పొట్టి, అల్లూరు అని బ్రాకెట్లో పెట్టి గుర్తుపట్టేవాళ్లం. పుట్టినరోజు తెలియనివాళ్లందరికీ జూలై 1 వేశాను. తరవాత ఆధార్ రాసినవాళ్లు అదే మనుషులకు జనవరి 1 వేశారు. దీన్ని సరిచేయడానికి యజమాని సంతకంతో ఉమ్మడి వాంగ్మూలం తెమ్మన్నారు. యజమాని లేరంటే, మూతపడిన సంస్థలకు గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలునని ఇంకొకరు చెప్పారు. అదీ తెచ్చాం. పేర్లు ఏడు నెలలకు సరిపడ్డాయి, సర్వీసు మాత్రం ఏడేళ్ల నాలుగు నెలల దగ్గరే ఉంది. మా వాళ్లు నడిపిన రోడ్డుకు కూడా పేరు మారింది. ఐదో నంబరు పోయి పదహారో నంబరు వచ్చింది. అంతమాత్రాన నెల్లూరుకూ మద్రాసుకూ మధ్య అంతకుముందు రోడ్డు లేదని ఎవరూ అనలేదు. ఆ పాటి దయ మనుషుల మీద కూడా చూపించవచ్చునేమో ఆలోచించండి.

తక్కిన ఆధారాల గతి కూడా ఇంతే. హెవీ లైసెన్సులు చూపించాం. మూడేళ్లకొకసారి రెన్యువల్ చేసిన ముద్రలు వరసగా ఉన్నాయి. మీకు లారీ నడపడం వచ్చునని తప్ప ఎవరి లారీ నడిపారో ఇందులో లేదన్నారు, అది నిజమే. కోవూరు ఆయన దగ్గర 1987 నాటి ఖాతా స్లిప్పు ఒకటి ఉంది. అంత భద్రంగా తెచ్చి చూపిస్తే, ఇది ఆ ఒక్క ఏడాదికే చెల్లుతుందన్నారు. మిగతావాటికి మిగతా స్లిప్పులు కావాలట. ఒకరికొకరం సాక్ష్యం చెబుతూ నోటరీ దగ్గర ప్రమాణ పత్రాలు రాయించుకొని ఇచ్చాం. అందరూ దరఖాస్తుదారులే కాబట్టి స్వార్థ సాక్ష్యం అన్నారు. లైనులో ఉన్నప్పుడు ఒక డ్రైవరుకు తోడుగా ఇంకో డ్రైవరే ఉంటాడు. అక్కడికి స్వార్థం లేని సాక్షిని ఎవరిని తీసుకుపోగలం?

ఇంతా చేస్తే వచ్చేది పెద్ద సొమ్మని మీరు భయపడవద్దు. జీతాన్ని సర్వీసుతో గుణించి డెబ్బైతో భాగించే మీ సూత్రంలో మా జీతాలు వేసి చూస్తే, చాలా మందికి 2014 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న కనీస పింఛను వెయ్యి రూపాయల చుట్టుపక్కలే తేలుతుంది. ఆ వెయ్యిని మూడు వేలు చేయమని 2013లోనే రాజ్యసభ పిటిషన్ల కమిటీ చెప్పింది. దానికోసం పోరాడేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకు మా దండం. మేము ఇంకా ఆ వెయ్యి గుమ్మం కూడా ఎక్కలేదు. మా వాళ్లలో కొందరు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నాలుగు వేల వృద్ధాప్య పింఛనుతో రోజులు వెళ్లదీస్తున్నారు. ఏ చందా కట్టకుండానే అది నెల మొదట్లో ఇంటికి వచ్చి ఇస్తున్నారు, చందా కట్టినదానికి ఆరేళ్లుగా తిరగవలసి వస్తోంది అని వాళ్లు నవ్వుకుంటారు. ఆ నవ్వు మీరు వినదగినది.

మేము కోరేది ఏమిటని మీరు అడగవచ్చు. పాత లెడ్జర్లు వెతికించండి. మీ కార్యాలయాల్లో ఏ గదిలోనో, ఏ అటక మీదో, చెదలు తినకుండా మిగిలినవి ఉంటాయి. ఆ ఫారాల్లో నా చేతిరాతను నేను వచ్చి గుర్తుపడతాను, కళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. వెతికించడానికి మనుషులు లేరంటే మమ్మల్నే పిలవండి, ఆ దుమ్ము మేమే దులుపుతాం, బత్తా కూడా అడగం. వెతికినా దొరకకపోతే, దొరకలేదని, పోగొట్టింది చందాదారుడు కాదని ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. అది కూడా వీలుకాకపోతే ఏం చేయాలో మీరే చెప్పండి. ఏదో ఒకటి చెప్పండి. పరిష్కరించబడింది అని మాత్రం మళ్లీ పంపవద్దు.

పైన తొమ్మిది మంది అని రాశాను. అది మొదటి విన్నపం పంపిన నాటి లెక్క. ఇప్పుడు ఏడుగురు. 1987 స్లిప్పు గల కోవూరు ఆయన మొన్న సంక్రాంతి ముందు పోయారు, ఆ స్లిప్పును ఆయన భార్య నాకు తెచ్చి ఇచ్చింది. నోటు పుస్తకం జిరాక్సును, ఆ స్లిప్పు నకలును ఈ లేఖతో జతచేసి రిజిస్టరు పోస్టులో మీకు పంపుతున్నాను. కావలి తుపాను 71వ పేజీలో ఉంది.

వచ్చే 27వ తేదీన జరిగే కార్యక్రమానికి మేమంతా మళ్లీ వస్తాం. పోయినసారి దాన్ని రెండో అంతస్తులో పెట్టారు. కావలి పెద్దాయనకు మోకాళ్లు పట్టుకుపోయి మెట్లు ఎక్కలేకపోతే, ఆయన కాగితాలు మేమే పైకి తీసుకుపోయాం, మనిషి రాలేదని పక్కన పెట్టారు. ఈసారి దయచేసి కింది గదిలో పెట్టించండి.

ఇట్లు
భవదీయుడు,
ఒక పాత బుకింగ్ గుమస్తా,
నెల్లూరు.